వంశధార వెంట ఒంటరి సైకిల్ ప్రయాణం: తుపాన్ల కాలంలో జాగ్రత్తలు

దసరా దగ్గర పడితే మా శ్రీకాకుళం వైపు సైకిళ్లు దుమ్ము దులుపుకుంటాయి. ఎండ తగ్గుతుంది, వరి పచ్చగా ఉంటుంది, ఏరు నిండుగా పారుతుంటుంది. హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ నుంచి కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేదాకా ఒక్క రోజులో వెళ్లిపోదాం అనిపిస్తుంది. వెళ్లండి, మంచి దారే. కాకపోతే తుపాన్లు వచ్చేదీ ఈ కాలంలోనే. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి దగ్గర్లోనే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు విరుచుకుపడింది.

ముందు ఏటి సంగతి. కొత్తవాళ్లు పొద్దున్నే లేచి ఆకాశం చూసి బయల్దేరతారు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. సుమారు 254 కిలోమీటర్ల వంశధారలో సగానికి పైగా ఒడిశాలోనే ఉంది. మనకు నాలుగు రోజులుగా చినుకు పడకపోయినా, గుణుపురం పైన కొండల్లో కుండపోత కురిస్తే గొట్టా గేట్లు ఎత్తుతారు. అందుకే ముందు రోజు రాత్రి రెండు చూడండి: వాతావరణ శాఖ అల్పపీడనం గురించి ఏం చెప్పింది, గొట్టా దగ్గర ఇన్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు, పెరుగుతోందా తగ్గుతోందా. మొదటి ప్రమాద హెచ్చరిక ఉంటే ఆ వారం వదిలేయండి. ఏరు ఎక్కడికీ పోదు.

అసలు భయం ఏటికన్నా గెడ్డలతో, అంటే ఏట్లో కలిసే వాగులతో. ఏరు నిండితే గెడ్డ నీరు దాంట్లోకి దిగలేక వెనక్కి తన్ని రోడ్డెక్కుతుంది. ఒకసారి శ్రీముఖలింగం దాటాక ఒక కల్వర్టు మీద చీలమండ లోతు నీళ్లు కనిపించాయి. దిగి సైకిల్ నడిపించుకుంటూ పోదామని అడుగు వేశాను. పశువులు తోలుకొస్తున్న ఒక తాత గట్టిగా కేకేశాడు: “బావూ, అటెల్లకు. కింద రోడ్డు నేదు!” నిజంగానే లేదు. సాయంత్రం నీరు తీశాక ఆ ఫొటో ఎవరో పంపారు. తారు కింద మట్టంతా కోసుకుపోయి, మనిషి నిలువు గొయ్యి. అప్పటినుంచి నా పద్ధతి ఒక్కటే. రోడ్డు మీద నీరు పారుతుంటే, అడుగు కనిపించకపోతే, వెనక్కి. పక్కన స్నేహితుడుంటే ‘వద్దురా’ అంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట ముందే మనకు మనం చెప్పుకుని బయల్దేరాలి. ఎందుకంటే అరవై కిలోమీటర్లు తొక్కి వచ్చాక వెనక్కి తిరగడానికి మనసొప్పదు.

మ్యాపులో సన్నగా కనిపించే గట్టు దారుల్ని ఈ తుపాన్ల కాలంలో నమ్మకండి. తడిసిన ఒండ్రు మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు, మళ్లీ మోసుకుంటూ రావాలి. ఎడమ గట్టున తారు రోడ్డు మీదే శ్రీముఖలింగం, నరసన్నపేట మీదుగా రండి. మడపాం దగ్గర వంతెన దాటాలి, అది జాతీయ రహదారి. పక్కన లారీలు వెళ్తుంటే ఆ గాలికే సైకిల్ ఊగుతుంది. ఎదురుదారిలో మాత్రం వెళ్లొద్దు, ఎంత దగ్గరైనా సరే. పగలైనా వెనక ఎర్ర లైటు వేసుకోండి. ఇసుక లారీలు తిరిగే మలుపుల్లో సన్నటి ఇసుక పరుచుకుని ఉంటుంది, అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు. నవంబరు చివర్లో వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు: రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద చక్రం జారితే పడటమే. దిగి నడవండి, రైతుకూ కోపం రాదు.

టైము గురించి కాస్త గట్టిగానే చెప్తాను. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి ఎదురు కొడుతుంది. పొద్దున గంటకు పద్దెనిమిది తొక్కినవాడు అప్పుడు పదకొండు తొక్కలేక ఆయాసపడతాడు. పైగా మనం తూర్పున ఉన్నాం. హైదరాబాద్ కన్నా ఇరవై నిమిషాలు ముందే పొద్దు గూకుతుంది, నవంబరులో అయిదున్నర దాటితే చీకటే. వెలుగు రాగానే గొట్టా నుంచి కదలండి. పన్నెండుకల్లా మడపాం దాటలేకపోతే శాలిహుండం, కళింగపట్నం ఇంకోసారి పెట్టుకోండి. మడపాం నుంచి శ్రీకాకుళం దగ్గరే. రైల్లో వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది, శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది.

సామాను తక్కువే. రెండు స్పేర్ ట్యూబులు, టైరు ఊడదీసే లీవర్లు, పంచర్ ప్యాచులు, పంపు. ట్యూబులు రెండెందుకంటే గట్ల వెంట తుమ్మ ముళ్లు ఒకదానితో ఆగవు. సన్న వాల్వు ట్యూబులైతే అడాప్టరు తప్పనిసరి. ఊళ్లలో పంచర్ షాపులన్నీ ఇప్పుడు బైకులవే, వాళ్ల గొట్టం దానికి పట్టదు. ఉక్కపోతకు ఒట్టి నీళ్లే తాగుతూ పోతే పిక్కలు పట్టేస్తాయి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. నాకైతే ఉప్పేసిన చోడి (రాగి) అంబలి ఒక సీసా నిండా ఉంటే వేరేదేమీ అక్కర్లేదు. చిల్లర నోట్లు, పవర్ బ్యాంకు, జేబులో పేరూ బ్లడ్ గ్రూపూ ఇంటి నంబరూ రాసిన చీటీ. ఫోను తడిస్తే చీటీయే మాట్లాడాలి.

ఇంట్లో ఒకరికి ఏ ఊరు ఎన్నింటికి దాటుతారో రాసిచ్చి వెళ్లండి. గంట ఆలస్యమైతే ఫోన్ చేయమనండి, రెండు గంటలైనా దొరక్కపోతే 112కి చెప్పమనండి.

కుక్క వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకుని నిలబడితే చాలావరకు అదే ఊరుకుంటుంది. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు పీహెచ్‌సీలో టీకా వేయించుకోవాలి. ఉరుము వినపడితే తాటిచెట్టు కిందికి పోవద్దు, ఏదైనా ఇల్లో బడో చూసుకోండి.

కళింగపట్నం చేరాక ఒళ్లంతా చెమట, ఎదురుగా నీళ్లు. అయినా ఏరు సముద్రంలో కలిసే చోట దిగకండి, అక్కడ కింద ఇసుక నిలకడగా ఉండదు, లాగుడు ఎక్కువ. కాళ్లు కడుక్కుని, లైట్‌హౌస్ చూసుకుని మూడింటికల్లా కదలండి. ఓపిక లేకపోతే సైకిల్‌ను ఆటో టాప్ మీద కట్టించుకోండి. సైకిలుకూ ఒక మనిషి టికెట్టు అడుగుతాడు, బేరం ఆడకుండా ఇచ్చేయండి.