పెద్ద టైర్లు వేశాక బ్యాటరీ బండి గుంజుతలేదా?

నల్గొండ జిల్లా హాలియా వైపు బత్తాయి తోట ఉన్న ఒక అన్న, ఎక్కడో రిసార్టులో వాడి తీసేసిన గోల్ఫ్ కార్టు కొన్నాడు. తోటంతా తిరగడానికి, నాలుగు క్రేట్ల కాయ గేటు దాకా తేవడానికి. అడుగుభాగం గట్లకు తగులుతోందని 18 అంగుళాల (బయటి ఎత్తు) టైర్లు తీసి 22 అంగుళాలవి ఎక్కించాడు. నెల తిరక్కుండా ఫోన్: "తమ్మీ, బ్యాటరీలు పోయినయేమో, బండి గుంజుతలేదు."

బ్యాటరీలు బాగానే ఉన్నాయి. వాటి మీద డబ్బు పెట్టే ముందు టేపు పట్టండి.

ఎత్తు మీద గుంజదు, చదునులో బాగానే పోతుంది

టైరు మీద చాక్‌పీసుతో గీత గీసి, ఒక్క చుట్టు తిరిగేలా బండిని తోసి, నేల మీద కొలవండి. 18 అంగుళాల టైరైతే 56 అంగుళాలు, 22దైతే 69 అంగుళాలు వస్తుంది, బరువుకు కొంచెం తగ్గొచ్చు. అంటే మోటారు అన్నే చుట్లు తిరిగినా బండి 22 శాతం ఎక్కువ దూరం పోవాలి. ఆ మేరకు నేల మీద లాగుడు 18 శాతం పడిపోతుంది. ఫస్ట్ గేర్లో ఎక్కాల్సిన గుట్టను సెకండ్‌లో ఎక్కినట్టే. బైకైతే గేరు దించుకుంటాం, ఈ బండికి దించుకోను గేర్లే లేవు.

ముందు గాలి చూడండి. చెల్కలో మెత్తగా ఉంటుందని గాలి తగ్గించి గట్టి నేల మీద తిప్పితే కొంత లాగుడు అక్కడే పోతుంది. టైరు పక్క మీద రాసిన హద్దు దాటకుండా సరిపడా కొట్టించండి. అయినా ఎక్కకపోతే 20 అంగుళాలకు దిగండి. 22 ఉండి తీరాలంటే ఎక్కువ ఆంపియర్ల కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టె), దానికి తగ్గ మోటారు, లేదా వెనక యాక్సిల్లో లాగుడు పెంచే గేర్ సెట్టు. ఖర్చు విన్నాక చాలామంది 20కే ఒప్పుకుంటారు.

ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ఆగుతుంది, పది నిమిషాలకు మళ్లీ కదులుతుంది

ఇది కంట్రోలర్ వేడి. మోటారు మెల్లగా తిరుగుతూ బరువు లాగితే కరెంటు ఎక్కువ తాగుతుంది. వేడి హద్దు దాటగానే కంట్రోలర్ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గిస్తుంది. మే నెలలో నల్గొండ ఎండకు ఇంకా తొందరగా ఆగుతుంది. మొండిగా పెడల్ తొక్కి పట్టుకోవద్దు. బ్రష్‌ల మోటారైతే కదలకుండా కరెంటు తాగి కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి చుట్టు) మాడుతుంది. ఆ కాలిన వాసన ఒకసారి వస్తే మోటారు విప్పాల్సిందే.

ఎత్తు ఎక్కిన వెంటనే కీ ఆపి, సీటు లేపి, కేబుళ్ల పైతొడుగును చేతి వెనకభాగంతో ఒక్కొక్కటే తాకి చూడండి. ఒకచోట మాత్రం సుర్రుమంటే అక్కడి లగ్గు (కేబుల్ చివర బోల్టు పట్టే రింగు) వదులైంది, లేదా పచ్చగా చిలుము పట్టింది. ఆ అన్న బండిలో మూడో బ్యాటరీ దగ్గర తొడుగు మెత్తబడి వేలిగుర్తు పడింది. లగ్గు మార్చాం, 16 చదరపు మిల్లీమీటర్ల కేబుళ్లు తీసి 35వి వేశాం. స్పానర్ పట్టే ముందు ఉంగరం, వాచీ తీసేయండి.

ఛార్జింగ్ తొందరగా దిగిపోతుంది

కరెంటు ఎంత గట్టిగా గుంజితే లెడ్ బ్యాటరీ అంత తక్కువ ఇస్తుంది. కాబట్టి కొంత తగ్గడం మామూలే. మరీ తగ్గితే, ఎత్తు ఎక్కేటప్పుడు పక్కన ఒకరు కూర్చుని మల్టీమీటర్‌తో ప్రతి బ్యాటరీ వోల్టులు చూడాలి. 48 వోల్టుల బండిలో ఆరు 8 వోల్టులవి ఉంటే, ఐదు నిలబడి ఒక్కటే కుంగితే దోషం దానిదే.

ఇంకోమాట. బ్యాటరీలో మన బోరు నీళ్లు పోయకండి. ఫ్లోరైడ్ సంగతి అటుంచినా, అందులోని లవణాలు చాలు పలకలు పాడు చేయడానికి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

స్పీడ్ పెరిగింది, బ్రేకు ఆలస్యంగా పడుతోంది

రెండూ ఒకటే కథ. మోటారు చుట్లను లెక్కపెట్టే మీటరైతే 20 చూపించినప్పుడు నిజంగా 24 దాటి పోతున్నారు. బ్రేకు డ్రమ్ మాత్రం పాతదే, టైరు ఎత్తు పెరిగేసరికి దాని పట్టు తగ్గింది. కంట్రోలర్ సెట్టింగ్‌లో టాప్ స్పీడ్ తగ్గించండి, బ్రేక్ షూలు చూపించండి. దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు, కట్ట దిగేటప్పుడు వెనక సీట్లో పిల్లలుంటారు.

మలుపులో టైరు రాసుకుంటుంది

22కు లిఫ్ట్ కిట్ (బండి బాడీని చక్రాల మీద ఎత్తే సామాను) లేకుండా కుదరదు. ఫెండర్ (చక్రం మీది మడ్‌గార్డు) కోసుకుని సరిపెట్టినవాళ్లను చూశా, గతుకు రాగానే మళ్లీ రాసుకుంది. పైగా నాలుగు అంగుళాలు పెద్దదైన టైరు వేస్తే, దానివల్ల అడుగు లేచేది రెండే అంగుళాలు.

ఆ రెండు అంగుళాల లెక్క చెప్పాక అన్న గట్లు రెండుచోట్ల చదును చేయించి, పాత 18లే అడిగాడు. అప్పటికే అమ్మేశాడు. కొత్తవి పెట్టుకున్నా మూడు నెలలు పాతవి షెడ్డులోనే ఉంచుకోండి.