పాత అమెరికన్ పికప్ బెడ్, వీల్‌బేస్ సరిగ్గా కొలవడం ఎలా?

అమెరికాలో పాత పికప్ కొనాలని సరదాపడే మనవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మంచిదే. కానీ బెడ్, అంటే వెనక సామాను వేసే తొట్టి, కనపడే ఒక ఫోటో పంపించి "ఇది షార్ట్ బెడ్డా, లాంగ్ బెడ్డా అన్నా?" అని అడుగుతారు. ఏ మూల నిలబడి తీశారో తెలియని ఫోటో చూసి ఎవరైనా ఏం చెప్తారు? టేప్ పట్టుకుని బండి దగ్గరికి వెళ్లాలి. వెళ్లినవాళ్లు కూడా ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు నుంచి ఫెండర్ అంచుకి కొలిచి, అదే వీల్‌బేస్ అనుకుని వచ్చేస్తారు. వీల్‌బేస్ అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా ఉన్న దూరం.

ఇంత పట్టింపు ఎందుకంటే, పాత బండ్లలో షార్ట్ బెడ్‌కి గిరాకీ ఎక్కువ, ధర కూడా ఎక్కువ. అందుకని లాంగ్ బెడ్ బండి ఛాసిస్ (కింది ఇనప చట్రం) కోసి, వెల్డింగ్ పెట్టి, షార్ట్‌గా మార్చి అమ్మేవాళ్లున్నారు. పని పద్ధతిగా చేస్తే తప్పేం లేదు. కానీ అది కోసిన బండి అని తెలిసి కొనాలి, దానికి తగ్గ ధరే ఇవ్వాలి.

కావలసినవి: 25 అడుగుల స్టీల్ టేప్, సుద్దముక్క, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారం గుండు, చక్రాలకి అడ్డం పెట్టడానికి చెక్క దిమ్మలు, తోడుగా ఒక మనిషి. బట్ట టేప్ వద్దు, సాగుతుంది. ఫోన్‌తో కొలిచే యాప్‌లు అసలే వద్దు. కొలత అంతా అంగుళాల్లోనే తీసుకోండి. ఈ బండ్లు అంగుళాల్లో గీసి కట్టినవి, సెంటీమీటర్లలో కొలిచి తర్వాత మార్చుకుంటామంటే తేడా ఎక్కడ దూరిందో తెలీదు.

ముందు బెడ్. ఇది సులువు. టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) మూసి, లోపల నేల మీద, క్యాబిన్ వైపు గోడ నుంచి టెయిల్‌గేట్ లోపలి వైపు దాకా కొలవండి. పై అంచుల మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. 1967-72 షెవ్రొలే ఫ్లీట్‌సైడ్ (బెడ్ పక్కలు నున్నగా ఉండే రకం) అయితే షార్ట్ బెడ్ సుమారు 78 అంగుళాలు, లాంగ్ బెడ్ సుమారు 98. ఎనిమిదడుగుల బెడ్ అంటే 96 ఉండాలి కదా అని కంగారు పడొద్దు, ఎనిమిదడుగులు అనేది పేరు మాత్రమే. అదే కాలం ఫోర్డ్ షార్ట్ బెడ్ ఆరడుగుల తొమ్మిది అంగుళాలు.

ఇక వీల్‌బేస్. అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

బండి గట్టి, సమమైన నేల మీద ఉండాలి. కాంక్రీట్ అయితే మంచిది. గడ్డి మీదా, కంకర మీదా కొలవమని అమ్మేవాళ్లు అడిగితే బండిని రోడ్డు మీదకి తెమ్మనండి. బెడ్‌లో సామాను ఉంటే దింపించండి. 1960-72 షెవ్రొలే సీ10లో వెనక ఇరుసుని కాయిల్ స్ప్రింగులతో పాటు పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్స్ (ఇరుసుని ముందువైపు ఛాసిస్‌కి కలిపే కడ్డీలు) పట్టి ఉంచుతాయి. బరువు పడితే ఆ ఇరుసు నిటారుగా పైకి లేవదు, వంపుగా కదులుతుంది. కమాన్ పట్టీలున్న బండిలో కూడా పట్టీ చదునైన కొద్దీ ఇరుసు కాస్త వెనక్కి జరుగుతుంది. తేడా చిన్నదే, కానీ మనం వెతికేది చిన్న తేడాలనే.

స్టీరింగ్ తిన్నగా పెట్టి, బండిని పదడుగులు ముందుకి నడిపి, బ్రేక్ గట్టిగా తొక్కకుండా తనంతట తను ఆగనివ్వండి. రివర్స్‌లో వచ్చి ఆగిన బండిని కొలవకూడదు. గట్టిగా బ్రేక్ కొట్టి ఆపిన బండిని అంతకంటే కొలవకూడదు, స్ప్రింగులు, బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) బిగుసుకుని ఇరుసుని పట్టి లాగుతుంటాయి. ఆగాక చెక్క దిమ్మలు పెట్టండి. ముందు చక్రాలు ఏమాత్రం తిరిగి ఉన్నా హబ్ మధ్య బిందువు కదులుతుంది, ఒక పక్క ముందుకి, ఇంకో పక్క వెనక్కి. అందుకే మనిషి దూరంగా వెళ్లి, ముందు టైరు వెనక టైరుతో ఒకే వరసలో ఉందో లేదో కంటితో చూడాలి.

ఇప్పుడు హబ్ క్యాప్‌లు తీసేయండి. హబ్ సరిగ్గా మధ్యలో దారం పట్టుకుని గుండు వదలండి. ఊగడం ఆగేదాకా ఆగండి. ఇక్కడే ఓపిక నశించి, గుండు ఇంకా ఊగుతుండగానే సుద్దతో గీత పెట్టేస్తారు. గాలి వీస్తుంటే మీ మనిషిని గాలికి అడ్డంగా నిలబెట్టండి. గుండు మొన నేలకి వెంట్రుకవాసి పైన నిలిచినప్పుడు కింద సన్నని గుర్తు పెట్టండి. నాలుగు చక్రాలకీ ఇంతే. తర్వాత బండి పక్కకి తీసేసి, నేల మీద గుర్తు నుంచి గుర్తుకి కొలవండి. టేప్‌ని గాల్లో హబ్ నుంచి హబ్‌కి పట్టి కొలిచేవాళ్లున్నారు. టేప్ మధ్యలో వాలుతుంది, కొస ఎక్కడ ఆనిందో ఇద్దరికీ నమ్మకం ఉండదు. లేజర్ మీటర్ అయితే గుండ్రటి హబ్ మీద ఏ చోట పడిందో దానికే తెలియాలి. దారానికి బ్యాటరీ అక్కర్లేదు, అబద్ధం ఆడదు.

రెండు పక్కలా కొలవండి. పావు అంగుళం కంటే ఎక్కువ తేడా ఉంటే ఇరుసు వంకరగా కూర్చుంది. కమాన్ పట్టీల సెంటర్ బోల్ట్ తెగి ఉండొచ్చు, బుష్‌లు అరిగి ఉండొచ్చు, ఛాసిసే వంగి ఉండొచ్చు. నాలుగు గుర్తుల మధ్య ఐమూల కొలతలు కూడా తీస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఇప్పుడు కొలతల్ని పోల్చుకోండి. 1967-72 షెవ్రొలే షార్ట్ 115, లాంగ్ 127. 1973-87లో అవి 117.5, 131.5. ఫోర్డ్ 1967-72లో 115, 131. 1973-79లో 117, 133. 1953-56 ఫోర్డ్ ఎఫ్-100 అయితే 110. వీల్‌బేస్ చూసి బెడ్ పొడవు ఊహించకండి. 1973లో వచ్చిన డాడ్జ్ క్లబ్ క్యాబ్ (క్యాబిన్ వెనక్కి పొడిగించిన రకం) 133 వీల్‌బేస్‌తో ఉంటే దాని బెడ్ షార్ట్. అదే 133 ఫోర్డ్ మామూలు క్యాబిన్‌కి ఉంటే బెడ్ ఎనిమిదడుగులు. క్యాబిన్ తిన్న చోటు అది.

1967-72 షెవ్రొలేలో కోసిన బండిని పట్టుకోవడానికి ఒక లెక్క ఉంది. లాంగ్‌కీ షార్ట్‌కీ మధ్య వీల్‌బేస్‌లో తేడా 12 అంగుళాలు, బెడ్‌లో 20. అంటే వెనక ఇరుసుకి ముందు 12, దాని వెనక 8 తగ్గాలి. తెలియనివాడు మొత్తం 20 ముందు భాగంలోనే కోసేస్తాడు. అప్పుడు వీల్‌బేస్ 107కి పడిపోతుంది, వెనక భాగం తోకలా మిగిలిపోతుంది. సరిగ్గా కోసినవాడి పని చూడాలంటే కిందకి దూరి, వెనక ఇరుసుకి ముందు ఛాసిస్ మీద నిలువు వెల్డింగ్ గీత ఉందేమో టార్చ్ వేసి చూడండి. ఫ్యాక్టరీ ఛాసిస్‌లో అక్కడ అతుకు ఉండదు. బెడ్ పక్క రేకుల మీద చక్రం గూడు దగ్గర చిన్న అయస్కాంతం పెట్టి చూడండి, పుట్టీ దట్టంగా ఉన్నచోట అతుక్కోదు.

ఇదే షెవ్రొలేలో గ్లవ్ బాక్స్ తలుపు లోపల కాగితం స్టిక్కర్ మిగిలి ఉంటే దాని మీది మోడల్ నంబర్ చూడండి. అందులో 107 అని ఉంటే షార్ట్, 109 అంటే లాంగ్, ఇవి అంగుళాలు కావు. సీఈ10734, సీఈ10934 అన్నట్టు. ఫోర్డ్ రేటింగ్ ప్లేట్ (బండి వివరాలు చెక్కిన రేకు) మీద డబ్ల్యూబీ గడిలో వీల్‌బేస్ అంగుళాల్లోనే ఉంటుంది. స్టిక్కర్ ఒకటి చెప్పి టేప్ ఇంకోటి చెప్తే నేను టేప్‌నే నమ్ముతాను.

బెడ్ విడిగా కొని మార్చాలనుకుంటే పొడవొక్కటీ సరిపోదు. బెడ్ ముందు అంచు నుంచి చక్రం గూడు మధ్య దాకా ఎంతో కొలిచి, అది మీ బండి క్యాబిన్ వెనక నుంచి ఇరుసు మధ్య దాకా ఉన్న దూరంతో, మధ్య సందు లెక్క వేసుకుని, కలుస్తుందో లేదో చూడండి. 1961 నుంచి 1963 మధ్య దాకా ఫోర్డ్ చేసిన ఇంటిగ్రేటెడ్ బెడ్ బండి దొరికితే ఈ ఆలోచనే మానుకోండి. దాంట్లో క్యాబిన్, బెడ్ ఒకటిగా కలిసిపోయి ఉంటాయి, మధ్యలో సందే ఉండదు.