బర్రె పాలు చేపకపోతే, కుక్క దగ్గరికి రాకపోతే: మచ్చికలో సమస్యలు - పరిష్కారాలు

పశువు మాట వినకపోతే మన నోట మొదట వచ్చే మాట "మొండిది". పాలమూరులోనైనా నల్గొండలోనైనా ఈ మాట వినపడని కొట్టం ఉండదు. కానీ మొండితనం అనుకునే దాని వెనక చాలాసార్లు నొప్పో, భయమో, కొత్త చోటో ఉంటుంది. ముందు నొప్పి లేదని తేల్చుకోవాలి, మచ్చిక సంగతి ఆ తర్వాత. పుండు మీద చెయ్యి వేసి నమ్మమంటే ఏ జీవమూ నమ్మదు.

సమస్య: సంత నుంచి తెచ్చిన బర్రె పాలు చేపడం (చనుల్లోకి దింపడం) లేదు

పెబ్బేరు శనివారం సంతలో చెంబు నిండా పిండి చూపించిన బర్రె ఇంటికొచ్చాక అడుగు కూడా తడపదు. అమ్మినోడు మోసం చేశాడని కొట్లాటకు పోతారు. పూట పాలు పొదుగులోనే ఆపి సంతకు తోలుకొచ్చేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ అనుమానం పూర్తిగా తప్పని అనలేం. కానీ ఎక్కువసార్లు కారణం వేరే.

కారణం: బర్రె పొదుగులో పాలు దాదాపు అన్నీ పైన, సన్నని గ్రంథుల్లోనే ఉంటాయి. చనుల దగ్గరికి వాటంతట అవి దిగేవి చాలా కొంచెం. ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తేనే మిగతావి కిందికి దిగుతాయి. బర్రె బెదిరితే అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. ఆటోలో గంటలకొద్దీ ఊగుతూ వచ్చి, కొత్త కొట్టంలో, తెలియని మనిషి కూర్చుని చనులు లాగుతుంటే చేపు ఎక్కడిది? అది కావాలని ఎగ్గొట్టడం లేదు, దాని ఒళ్లు పాలు వదలడం లేదు.

ఏం చేయాలి: సగం పని సంతలోనే అవ్వాలి. బేరం కుదరగానే అమ్మినోళ్లను అడగండి. ఏ పక్కన కూర్చుని పిండుతారు? పిండేది ఆడవాళ్లా, మగవాళ్లా? ముందు తవుడు పెడతారా, పల్లిచెక్కా? దుడ్డెను (బర్రె దూడను) ముందు విడుస్తారా? ఏమని పిలుస్తారు? పళ్లు లెక్కపెట్టి, తోక ఎత్తి చూసే రైతు ఈ నాలుగు మాటలు అడగడు, అదే వింత.

ఇంటికొచ్చాక మొదటి వారం ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే పక్క. ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, అరచేత్తో మెల్లగా రుద్దాలి. దుడ్డెను విడిచి చూస్తే తెలుస్తుంది: అది నాలుగు గుటకలు వేసి పొదుగును ముట్టెతో పొడుస్తుంది, ముడతలు పడి ఉన్న చను నిండి నున్నగా సాగుతుంది, బర్రె నెమరు మొదలుపెడుతుంది. అదే చేపు. అక్కడి నుంచి మీకు ఐదు నుంచి ఏడు నిమిషాలే ఉంటాయి. ఆ టైంలో ఫోన్ మాట్లాడొద్దు. పాత యజమాని ఇంట్లో ఆడమనిషి పిండేదైతే మగవాళ్లు చీర కప్పుకుని కూర్చోవడం ఊళ్లలో మామూలే. చూసి నవ్వుతారు గానీ అందులో తెలివి ఉంది. బర్రె మనిషిని వాసనతో, రూపుతో గుర్తుపడుతుంది.

ఒక్క దెబ్బ వేశారంటే ఆ పూట పాలు పోయినట్టే. ఇక పాల సూది (ఆక్సిటోసిన్ ఇంజెక్షన్) జోలికి అసలు పోవద్దు. పాలు పెంచడానికి పశువుకు హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. పైగా సూదికి అలవాటైన బర్రె తర్వాత చేతికి చేపడం మానేస్తుంది.

సమస్య: నిన్నటి దాకా బాగున్న ఆవు ఇవాళ తంతోంది

కారణం చనులోనే వెతకండి. మొదటి ధారలు నల్లబట్ట మీద పిండి చూడండి. తెల్లటి పలుకులు కనపడ్డా, పొదుగు ఒక పక్క వేడిగా, గట్టిగా తగిలినా పొదుగువాపు. చనుల పగుళ్లు, పిండేవాళ్ల పెరిగిన గోళ్లు కూడా చూసుకోవాలి. కాళ్లకు తాడు కట్టేముందు 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవడం నయం.

ఇవేవీ లేకపోతే మీరు దగ్గరికి పోయే తీరు చూసుకోండి. పశువుకు కళ్లు పక్కలకు ఉంటాయి, చుట్టూ చాలా మేర కనపడుతుంది గానీ సరిగ్గా వెనక ఏమీ కనపడదు. అటు నుంచి గమ్మున పోయి తోక మీద చెయ్యి వేస్తే తన్నక ఏం చేస్తుంది? పేరు పిలుస్తూ, భుజం వైపు నుంచి రండి. మొదట మెడ, గంగడోలు గీరండి. పశువులు ఒకదాన్నొకటి నాకేది ఎక్కువగా అక్కడే.

కోడెదూడకు మాత్రం నుదురు రుద్దుతూ ఆడుకోవద్దు. చిన్నప్పుడు ముద్దుగా తలతో నెడుతుంది, రెండేళ్లకు అదే కుమ్ముడు అవుతుంది. అమ్రాబాద్ వైపు నుంచి పొడ తూర్పు జాతి కోడెలు తెచ్చుకునేవాళ్లు ఇంకొంచెం ఓపిక పట్టాలి. నల్లమలలో మేసి పెరిగిన పశువుకు తన కాపరి గొంతు తప్ప బయటి మనుషులు పెద్దగా తెలియదు. మొదటి రోజే ముక్కుతాడు పట్టి లాగితే మనిషంటే నొప్పి అని నేర్చుకుంటుంది.

సమస్య: వీధికుక్క అన్నం తింటుంది, ముట్టుకోనివ్వదు

కారణం రాయి. మన ఊళ్లలో మనిషి నేల మీదికి వంగితే చాలు, కుక్క పారిపోతుంది. చెప్పు సర్దుకోవడానికి వంగినా దానికి రాయి తీస్తున్నట్టే. పుట్టిన మూడో వారం నుంచి మూడు నెలల దాకా మనుషుల చెయ్యి మంచిగా తగిలిన పిల్ల వేరు, రాళ్లు తిని పెరిగిన కుక్క వేరు. రెండోది ఎప్పటికీ ఒళ్లో కూర్చోకపోవచ్చు. మీ గేటు దగ్గర నిశ్చింతగా పడుకుంటే చాలనుకోండి.

రోజూ ఒకే వేళకు అన్నం పెట్టి, దానికి పక్కకు తిరిగి కింద కూర్చోండి. కళ్లలోకి చూడొద్దు. ముద్దను మీ వైపుకు కాకుండా దాని వెనక్కి విసరండి. పారిపోయే దారి ఉందని తెలిస్తేనే దగ్గరికి వస్తుంది. అది వచ్చి వాసన చూశాక మూసిన పిడికిలి కింద నుంచి చాపి, గదువ కింద గీరండి. తల మీదికి చెయ్యి తేవొద్దు. తోక ఊపుతోంది కదా అని ధీమా పడొద్దు. ఒళ్లు బిగించి తోకను నిటారుగా ఆడిస్తే అది హెచ్చరిక.

కరిచినా, గీరినా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు పోవాలి. పసుపు, కారం పెట్టుకుని కూర్చోవద్దు. ఎప్పుడూ దూరంగా ఉండే కుక్క ఉన్నట్టుండి మీద పడి ప్రేమ చూపిస్తే సంతోషించకుండా తప్పుకోండి, రేబిస్‌లో అలా కూడా జరుగుతుంది.

(పిల్లి సంగతి అడుగుతారు. పిల్లిని పిలవొద్దు. మీరు కూర్చోండి, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది.)

సమస్య: కోతి చేతిలోంచి కవర్ గుంజుకుపోతోంది

కారణం మనం వేసిన అరటిపళ్లు. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు పట్టగానే కార్లు ఆపి పళ్లు విసురుతారు. ఆంజనేయుడికే పెట్టినంత పుణ్యమని మనసులో ఉంటుంది. కోతికి అర్థమయ్యేది ఒక్కటే: కవర్ అంటే తిండి. ఇది మచ్చిక కాదు, వసూలు. ఆ తిండి కోసం రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడేవీ ఉన్నాయి.

తిండి వేయడం ఆపడమే మందు, అది కూడా వీధంతా కలిసి ఆపాలి. ఒక్క ఇల్లు పెట్టినా అన్ని ఇళ్లకూ వస్తాయి. ఎదురుపడితే తేరిపార చూడొద్దు. కోతుల్లో అది గొడవకు పిలిచినట్టే. ఖాళీ చేతులు చూపిస్తూ మెల్లగా పక్కకు తప్పుకోండి.

సమస్య: చేలో జింకపిల్ల ఒంటరిగా దొరికింది, ఇంటికి తెచ్చి పెంచుకోవాలనిపిస్తోంది

నారాయణపేట జిల్లా కృష్ణ, మాగనూరు మండలాల చేలల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది, పాలివ్వడానికి మళ్లీ వస్తుంది. కదలకుండా పడుకున్న పిల్లను చూసి తల్లి లేనిదని ఎత్తుకొస్తారు. వెంటపడి పట్టుకుంటే ఆ బెదురుకే కండరాలు దెబ్బతిని జింకలు చచ్చిపోతాయి కూడా. ఒకవేళ బతికి పెద్దదైతే మగజింక మనిషిని తన జాతి మగదాని కిందే లెక్కేసి, మదం మీద ఉన్నప్పుడు కొమ్ములతో పొడుస్తుంది. పాలు పట్టి పెంచిన చెయ్యి అని చూడదు.

చుట్టూ కుక్కలు లేకుండా చూసి, పిల్లను అక్కడే వదిలి దూరం జరగండి. మందిని పోగు చేయొద్దు, సెల్ఫీలు వద్దు. గాయమైతే గుడ్డ కప్పి నీడన ఉంచి, సీసా పాలు పట్టకుండా అటవీ శాఖ వాళ్లకు చెప్పాలి. ఇంట్లో కట్టేసి పెంచితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. నెమలికైనా, పంజరంలో రామచిలుకకైనా ఇదే చట్టం.