రామ్సే లూయిస్ ఆల్బమ్‌ను వినే పద్ధతి

తిరుపతి మహతి ఆడిటోరియంలో కచేరీలు వినడం అలవాటైనవారు అమెరికన్ పియానో వాదకుడు రామ్సే లూయిస్ త్రయం 1965లో వెలువరించిన ‘ది ఇన్ క్రౌడ్’ జాజ్ ఆల్బమ్‌ను వినదలిస్తే, ముందుగా అదే పేరుతో డోబీ గ్రే పాడిన పాప్ పాటను విని, దాని వరుసను మనసుకు పట్టించాలి. ఫోన్ స్పీకరులో త్రయంలోని ఎల్డీ యంగ్ వాయించే బాస్ (మంద్రస్థాయి తంత్రీవాద్యం) సరిగా వినిపించదు కనుక హెడ్‌ఫోన్లు వాడటం మేలు. వాషింగ్టన్‌లోని బొహీమియన్ కావర్న్స్ క్లబ్బులో శ్రోతల ఎదుటే రికార్డయిన ఆల్బమ్ ఇది. అందులోని చప్పట్లను, కేకలను అడ్డంకిగా భావించరాదు.

తరువాత నాలుగేసి లెక్కిస్తూ, మొదటి దెబ్బను విడిచి, రెండవ, నాలుగవ దెబ్బలపై చప్పట్లు వేయాలి. ఆదితాళం వేసే చేతికి ఇది మొదట ఎదురుతిరుగుతుంది, కానీ ఈ ఆల్బమ్‌లో కలిసిన సోల్ (ఆఫ్రికన్ అమెరికన్ల జనప్రియ శైలి) సంగీతపు ఊపంతా అక్కడే ఉంది. చేయి కుదిరాక, పియానోపై ఎడమచేతి కార్డ్స్‌ను (ఒకేసారి మోగే స్వరాల గుంపులను), కుడిచేతి బ్లూస్ పలుకులను వేరువేరుగా వింటూ, తెలిసిన వరుసను లూయిస్ ఎక్కడ విడిచి, ఎక్కడ తిరిగి అందుకుంటాడో గమనించాలి. ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడే నెరవల్ వినే చెవికి ఈ ఆట కొత్త కాదు, కాకపోతే ఇక్కడ సాహిత్యం ఉండదు. త్రయంలో మూడవవాడైన రెడ్ హోల్ట్ డ్రమ్స్‌ను మరొకసారి విడిగా వినవచ్చు. ఇదే ఆల్బమ్‌లో ఉన్న, జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ రచించిన ‘కమ్ సండే’ పాప్ పాట కాదు కనుక, దానిని చివరికి ఉంచుకోవడం మంచిది.