పాత పికప్‌లో ఇంజిన్ మిస్సింగ్, వణుకు: ప్లగ్గు మార్చినా సమస్య తిరిగి వస్తుంటే

ఇది పెట్రోల్ ఇంజిన్ ఉన్న పాత పికప్‌ల గురించి, ప్లగ్గులు విప్పి బిగించడం వచ్చినవారి కోసం రాస్తున్నది. మిస్సింగ్ (ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం) అనగానే ఇంజెక్టర్లు, సెన్సర్లు మార్చేసి, చివరికి ప్లగ్ క్యాప్ (ప్లగ్గు మీద కూర్చునే వైరు చివరి రబ్బరు) దగ్గర దొరికే తప్పును నెలల తరబడి వెతికినవారిని చాలామందిని చూశాను. అందుకే వరుస తప్పకుండా చూడమని కోరుతున్నాను.

వణుకు ఇంజిన్‌దేనా?

బండి నిలబడి ఉండగా, న్యూట్రల్‌లో, ఐడిల్‌లో వణుకుతుంటే అది ఇంజిన్ నుంచి వస్తున్నదే. వేగం అందుకున్నాక మాత్రమే వణుకుతూ, యాక్సిలరేటర్ వదిలేసినా తగ్గకపోతే ముందు టైర్లనూ, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లనూ (షాఫ్ట్ కీళ్ళు) చూడాలి. ఐడిల్ 750 ఆర్‌పీఎం ఉన్నప్పుడు ఒక్కో సిలిండర్ నిమిషానికి 375 సార్లు, అంటే సెకనుకు ఆరుసార్లకు పైగా మండుతుంది. ఒక సిలిండర్ పనిచేయకపోతే అదే లయలో స్టీరింగ్‌కు కుదుపు తగులుతుంది, సైలెన్సర్ చివర చెయ్యి అడ్డం పెడితే పొగ మధ్యమధ్యలో తెగుతూ వస్తుంది. పొగ సమంగా వస్తూ బండి మాత్రం ఊగుతుంటే ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చచ్చిపోయాయన్నమాట.

ఐడిల్‌లో వణుకు, రేజ్ చేస్తే సర్దుకోవడం

ఇంటేక్‌లోకి ఎక్కడి నుంచో దొంగగాలి వస్తోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి చిన్న చిల్లు కూడా మిశ్రమాన్ని చెడగొడుతుంది. థ్రాటిల్ తెరుచుకుంటే అదే చిల్లు లెక్కలోకి రాదు. ఎండి బీటలు వారిన వ్యాక్యూమ్ పైపులను ఒక్కొక్కటిగా ప్లయర్‌తో నొక్కి చూడండి. ఏ పైపు నొక్కినప్పుడు ఐడిల్ మారుతుందో ఆ దారిలో వెతకాలి. పైపులన్నీ బాగుంటే ఇంటేక్ గాస్కెట్‌నూ, మూసుకోకుండా ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్‌నూ (పొగలో కొంత తిరిగి ఇంటేక్‌లోకి పంపే వాల్వ్) చూడాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు వేసినప్పుడు, తేమగా ఉన్న ఉదయాల్లో మిస్సింగ్

ఇది దాదాపు ఎప్పుడూ స్పార్క్ సమస్యే. ముందు ఏ సిలిండరో తేల్చాలి. ఇంజిన్ కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్‌లో పీ0301, పీ0302 వంటి కోడ్ వస్తే చివరి అంకె సిలిండర్ సంఖ్య. పీ0300 వస్తే మిస్సింగ్ ఒకే సిలిండర్‌కు పరిమితం కాలేదని అర్థం. స్కానర్ లేకపోతే ఐడిల్‌లో ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి చూడవచ్చు; దేన్ని తీసినా ఇంజిన్ చప్పుడు మారదో అదే దోషి. నడుస్తున్న ఇంజిన్ మీద ప్లగ్ వైరును మాత్రం చేత్తో లాగకండి, షాక్ గట్టిగా కొడుతుంది. చెక్ ఇంజిన్ దీపం మిణుకుమిణుకుమంటుంటే బండి నడపడం ఆపండి. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి దాన్ని కరిగించగలదు.

ఇక నన్ను దెబ్బతీసిన కారణానికి వస్తాను. ఒక పికప్‌లో మూడో సిలిండర్ మిస్సింగ్. ప్లగ్గు అరిగి, గ్యాప్ పెరిగి ఉంది. కొత్తది వేయగానే ఐడిల్ నున్నగా అయింది, బండి ఇచ్చేశాను. వారంలోపే బరువు వేయగానే మళ్ళీ మిస్సింగ్. మీటర్‌తో ప్లగ్ వైరు రెసిస్టెన్స్ చూస్తే సరిగ్గానే ఉంది. అది నమ్మి ఇంజెక్టర్ విప్పి శుభ్రం చేశాను, ఫలితం లేదు. మూడోసారి ఆ ప్లగ్ క్యాప్ రబ్బరును బ్లేడుతో నిలువుగా చీల్చి దీపం కింద పెట్టాను. లోపలి గోడ మీద పైనుంచి కిందికి సన్నటి గీత కనిపించింది. ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద సరిగ్గా అదే చోట, పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత. వారం కూడా వాడని ప్లగ్గు అది.

జరిగింది ఇదీ. బరువు మీద సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు స్పార్క్ గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్ గ్యాప్ అరిగి పెరిగితే ఇంకా ఎక్కువ కావాలి. వేల వోల్టుల ఆ కరెంటు, గ్యాప్ దాటడం కన్నా సులువైన దారి దొరికితే పింగాణీ పైనుంచి పాకి నేరుగా ఇంజిన్ బాడీలోకి దిగిపోతుంది. పాకిన చోట కార్బన్ గీత పడుతుంది, ఆ తర్వాత ప్రతిసారీ అదే దారి. కొత్త ప్లగ్గు వేసినా క్యాప్‌లోని పాత గీత అలాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళకు కొత్త పింగాణీ మీద కూడా జత గీతను తయారు చేస్తుంది. మీటర్ కొద్ది వోల్టులతో వైరు లోపలి తీగను మాత్రమే కొలుస్తుంది. చుట్టూ ఉన్న రబ్బరు ఎంత వోల్టేజీకి ఆగుతుందో చెప్పదు.

అందుకని గీత కనిపించిందంటే ప్లగ్గునూ, క్యాప్‌తో సహా వైరునూ కలిపే మార్చాలి. స్పార్క్‌కు వోల్టేజీ ఇచ్చే కాయిల్ ప్లగ్గు మీదే కూర్చునే ఇంజినైతే దాని కింది రబ్బరునూ మార్చాలి. పింగాణీ మొదట్లో, ఇనుప షట్కోణం పక్కన, గోధుమరంగు మరక చుట్టూ వలయంలా ఉంటే కంగారు పడకండి, అది హాని చేయదు. నిలువు గీతే ప్రమాదం. టాపెట్ కవర్ గాస్కెట్ కారి ప్లగ్ గుంతలో ఆయిల్ నిలుస్తుంటే ముందు దాన్ని ఆపాలి, లేకపోతే కొత్త రబ్బరు కూడా ఉబ్బి పాడవుతుంది. బిగించేటప్పుడు సాకెట్ పక్కకు వాలితే పింగాణీలో కంటికి కనిపించని పగులు వస్తుంది. కిందపడిన ప్లగ్గును కూడా వాడవద్దు. క్యాప్‌ను లాగే ముందు కాస్త తిప్పి వదులు చేయాలి, వైరు పట్టుకుని లాగకూడదు. లోపల డైఎలక్ట్రిక్ గ్రీజు పలుచగా రాయాలి.

వైర్లు తీసి పెట్టాకే మిస్సింగ్ మొదలైతే ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) ప్రకారం కాకుండా వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా కరెంటు పంచేది) ఉన్న బండిలో దాని మూత లోపల కూడా ఇలాంటి గీతలే పడతాయి, తడి చేరినా ఇదే తంతు.

ఇవన్నీ బాగుండి మిస్సింగ్ ఆగకపోతే అప్పుడు కంప్రెషన్ (ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) చూడాలి. అన్నిటికన్నా తక్కువ సిలిండర్, ఎక్కువదానిలో 75 శాతం కన్నా దిగువకు పడిపోతే ఇంజిన్ లోపలి పని ఉంది. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే చాలావరకు హెడ్ గాస్కెట్. ఇంజిన్ కంప్యూటర్ చెడిపోవడం అరుదు, దాని జోలికి చివరన వెళ్ళవచ్చు.

పని అయ్యాక ఐడిల్‌లో చూసి సరిపెట్టుకోవద్దు. బరువు వేసి, పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంతో ఒక ఎత్తు ఎక్కించి, ఇంజిన్ ఎక్కడా తడబడకపోతేనే బండి అప్పగించండి.