కెర్నెల్‌లో గ్లోబల్ లాక్ తీసేయాలా? ముందు దాన్ని కిందికి నెట్టండి

వరి కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లుకు ఎన్ని ట్రాక్టర్లు వచ్చినా కాటా ఒకటే ఉంటే లైన్ రోడ్డెక్కుతుంది. లైనక్స్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, బిగ్ కెర్నెల్ లాక్ చేసిన పని అదే: ఒకసారికి ఒక్క ప్రాసెసర్‌నే లోపలికి రానిచ్చే ఒకే ఒక్క తాళం. ఒకటికి మించి ప్రాసెసర్లు నడపడానికి 1996లో 2.0 వెర్షన్‌తో వచ్చింది, పూర్తిగా పీకేసరికి 2011, వెర్షన్ 2.6.39. కాబట్టి మీ కోడ్‌లో అలాంటిదుంటే ఒక్క ప్యాచ్‌తో లేపేద్దామనుకోకండి.

ముందు లాక్‌ను పైనున్న కోర్ కోడ్ నుంచి తీసి, అదే లాక్‌ను ప్రతి డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే కోడ్) ఫంక్షన్ లోపల పెట్టండి. స్పీడేమీ పెరగదు, కానీ ఇక ఒక్కో డ్రైవర్‌ను విడిగా చూడొచ్చు. 2.6.11లో వచ్చిన అన్‌లాక్డ్ ఐఓసీటీఎల్ (డ్రైవర్‌కు ఆదేశాలిచ్చే కాల్‌ను పైన ఆ లాక్ పట్టకుండా పిలిచే దారి) ఇందుకే పనికొచ్చింది. తర్వాత ఒక డ్రైవర్ పట్టుకుని, ఈ లాక్ ఏ డేటాను కాపాడుతోందో కాగితం మీద రాయండి: ఓపెన్ కౌంటా, లిస్టా, రిజిస్టర్లా? ఏదీ లేదని తేలితే లాక్ తీసేయండి, ఉంటే ఆ డేటాకు సొంత మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల చిన్న లాక్) పెట్టండి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పాత లాక్‌ను పట్టుకున్నవాడే మళ్లీ పట్టుకోవచ్చు, ప్రాసెస్ నిద్రపోతే అది దానంతటదే వదిలి, లేచాక మళ్లీ పట్టుకునేది. మ్యూటెక్స్‌కు ఈ రెండూ లేవు. రెండోసారి పట్టుకుంటే అక్కడే ఆగిపోతుంది, రీడ్‌లో డేటా కోసం నిద్రపోతే లాక్ చేతిలోనే ఉంటుంది, ఆ డేటా ఇవ్వాల్సిన రైట్ కాల్ (డేటా రాసేది) బయట నిలబడుతుంది. ఇంకోటి, ఇది నిజంగా టెన్షన్ పెట్టేది: మ్యూటెక్స్ పట్టుకుని యూజర్ మెమరీ నుంచి కాపీ చేస్తుంటే పేజ్ ఫాల్ట్ (కావాల్సిన పేజీ మెమరీలో సిద్ధంగా లేకపోవడం) వచ్చి మెమరీ మ్యాప్ లాక్ కావాలి, అటు ఎంమ్యాప్ (మెమరీని ప్రోగ్రామ్‌కు జతచేసే కాల్) దారిలో ఆ లాక్ ముందే పట్టుకుని మీ మ్యూటెక్స్ అడుగుతుంటారు, ఇక ఇద్దరూ కదలరు. కాపీని లాక్ బయటికి తెచ్చేయండి.

టెస్టింగ్‌కు పెద్ద సర్వర్ అక్కర్లేదు, నల్లగొండ హాస్టల్ గదిలో లాప్‌టాప్ మీద క్యూఎమూ అనే వర్చువల్ మెషిన్‌లో నాలుగు ప్రాసెసర్లు ఇస్తే చాలు. కెర్నెల్‌లోనే ఉన్న లాక్‌డెప్ అనే లాక్ చెకర్‌ను ఆన్ చేయండి, డెడ్‌లాక్ (ఒకరికోసం ఒకరు ఆగిపోవడం) జరగకముందే లాకుల వరుస తప్పిందని అరుస్తుంది, కాకపోతే నడిచిన దారినే చూస్తుంది కాబట్టి ఎర్రర్ దారులు కూడా నడిపించాలి. లాక్ లేకుండా తాకిన డేటాను పట్టుకోవడానికి కేసీశాన్ (KCSAN) అనే టూల్ ఉంది.

డ్రైవర్‌కో ప్యాచ్ చొప్పున పెట్టండి, ఏదైనా పగిలితే బైసెక్ట్‌లో (ప్యాచ్‌లను సగం సగం చేసి చెడ్డదాన్ని వెతకడం) దొరుకుతుంది. ఆఖరి డ్రైవర్ అయ్యాక లాక్ ఫంక్షన్లనే హెడర్‌లోంచి తీసేయండి, ఉంచితే ఎవరో ఒకరు మళ్లీ వాడతారు.