లాగ్ టేబుల్‌కూ ఫోనుకూ లెక్క కుదరకపోతే

శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. ఆ దారిన కొండెక్కి తిరుపతికి దిగివచ్చిన మా అన్నయ్య కూతురు, ఇంటర్ విద్యార్థిని, కాళ్ల నొప్పులు తగ్గకముందే ఆ సంఖ్యకు లాగ్ (10ని ఎంత ఘాతానికి పెంచితే ఆ సంఖ్య వస్తుందో ఆ విలువ) కట్టింది. టేబుల్‌లో 3.3781, ఫోనులో 3.3780. "బాబాయ్, పుస్తకం తప్పా, ఫోను తప్పా?"

సమస్య: చివరి అంకెలో ఒకటి తేడా

కారణం: 2388లో మొదటి రెండంకెలు 23. టేబుల్ 23వ వరుసలో మూడో అంకె 8 కింద 3766 ఉంటుంది, ఇది దశాంశ భాగం. కుడివైపు సగటు తేడాల్లో నాలుగో అంకె 8 కింద 15. కలిపితే 3781, నాలుగంకెల సంఖ్య కాబట్టి ముందు 3. కానీ ఆ 15 వరుస మొత్తానికీ ఒకటే. నిజానికి 230 దగ్గర తేడాలు పెద్దవి, 239 వైపు వెళ్లేకొద్దీ తగ్గుతాయి. పైగా 3766 కూడా 3765.77ను సవరించి వేసిందే. రెండు ఎక్కువలూ ఒకే వైపు మొగ్గాయి. అసలు విలువ 3.378034...

పరిష్కారం: టేబుల్ వాడమన్న పరీక్షలో నిశ్చింతగా 3.3781 రాయండి. బయట మాత్రం దశాంశ బిందువు తర్వాతి నాలుగో అంకెను నమ్ముకోవద్దు.

సమస్య: 2¹⁰⁰ విలువ పక్కకు పోతోంది

2 లాగ్ 0.3010ని 100తో గుణిస్తే 30.10. పూర్ణ భాగం 30కి ఒకటి కలిపితే 31 అంకెల సంఖ్య, ఇంతవరకు సరే. దశాంశ భాగానికి యాంటీలాగ్ (లాగ్ నుంచి తిరిగి సంఖ్య) తీస్తే మొదటి అంకెలు 1.259 వస్తాయి, రావలసింది 1.26765.

కారణం: 2 లాగ్ 0.3010299956... మనం వదిలేసిన 0.00003 వందతో గుణించేసరికి 0.003 అయింది. పిసరంత తప్పే, వంద రెట్లు పెరిగింది.

పరిష్కారం: 0.30103 వాడండి. 30.103 నుంచి 1.26765 దొరుకుతుంది. ఐదు స్థానాలకే ఇంత దగ్గరగా రావడం 2 చేసుకున్న అదృష్టం, అన్ని సంఖ్యలకూ ఇలా కుదరదు. అలాగని విలువ అక్కడితో ముగిసిందనుకోకండి. అది p/q రూపంలో ఉంటే 10ᵖ = 2^q కావాలి. ఎడమవైపు సంఖ్యను 5 భాగిస్తుంది, కుడివైపుదాన్ని భాగించదు. కాబట్టి ఈ దశాంశాలు ఆగవు, ఆవర్తనమూ (అవే అంకెలు మళ్లీ మళ్లీ రావడం) కావు. 1617లో ఇంగ్లండ్ గణిత శాస్త్రజ్ఞుడు హెన్రీ బ్రిగ్స్ 1 నుంచి 1000 వరకు సంఖ్యల లాగ్‌లను 14 స్థానాల దాకా చేత్తోనే కట్టాడు. నాలుగింటికే విసుక్కునే మనం ఒకసారి తలచుకోవలసిన మనిషి.

సమస్య: కంప్యూటర్‌లో 2 లాగ్ 0.6931 అంటోంది

అది సహజ సంవర్గమానం, అంటే ఆధారం 10కి బదులు e (సుమారు 2.718)గా తీసుకున్న లాగ్. 2.302585తో భాగించండి, లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లాగ్10 వాడండి. అందులోనే ఆధారం 10 అని చెప్పి 1000కి మామూలు లాగ్ అడిగితే 2.9999999999999996 వస్తుంది. పూర్ణ భాగానికి ఒకటి కలిపి అంకెలు లెక్కించేవారికి 1000 మూడంకెల సంఖ్యగా తేలుతుంది. లాగ్10 అయితే సరిగ్గా 3 ఇస్తుంది. అంకెల లెక్కే కావాలంటే లాగ్ జోలికి పోకుండా సంఖ్యను అక్షరాలుగా మార్చి పొడవు చూడండి.